సూది భయం వేరు, నర్సు వేరు, నర్సింగ్ వేరు: అనంతపురం బడిపిల్లల అభిప్రాయాలను కొలిచిన ఒక కేస్ స్టడీ

నేపథ్యం

అనంతపురం జిల్లాలో చైల్డ్ హెల్త్ నర్సింగ్ బోధించే నా బల్ల మీదికి ఏటా విద్యార్థుల పాఠశాల ఆరోగ్య నివేదికలు వస్తాయి. బడికి వెళ్లి, ఎత్తూ బరువూ చూసి, చేతులు కడుక్కోవడం గురించి, రక్తహీనత గురించి చెప్పి వచ్చిన తరువాత రాసే ఆ నివేదికలలో చివరి పేరా దాదాపు ఒకేలా ఉంటుంది: పిల్లలలో నర్సుల పట్ల, నర్సింగ్ వృత్తి పట్ల సదభిప్రాయం పెరిగింది. దేనిని బట్టి తేల్చారని అడిగితే, పిల్లలు చప్పట్లు కొట్టారనో, వెళ్లేటప్పుడు మళ్లీ రమ్మన్నారనో చెబుతారు. ఆ ఒక్క పేరాకు ఆధారం సంపాదించడానికే ఈ పని మొదలుపెట్టాం.

ఈ కొలత అవసరం రెండు చోట్ల కనిపిస్తుంది. మొదటిది పిల్లల వార్డు. క్యాన్యులా (మందు ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నని గొట్టం) పెట్టబోతే చేయి వెనక్కి లాక్కునే బిడ్డ సూదికి భయపడుతోందా, సూది పట్టుకున్న మనిషికి భయపడుతోందా అన్నది తెలిస్తే నర్సు చేయవలసిన పని మారిపోతుంది. రెండవది వృత్తి ఎంపిక. లిండా గాట్‌ఫ్రెడ్‌సన్ 1981లో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం పిల్లలు తమకు నచ్చిన వృత్తిని ఎంచుకోవడానికి చాలా ముందే తమకు తగవనుకున్న వృత్తులను ఒక్కొక్కటిగా కొట్టివేస్తూ వస్తారు. 6 నుంచి 8 ఏళ్ల వయసులో ఇది ఆడవాళ్ల పనా, మగవాళ్ల పనా అన్నదానిని బట్టి, 9 నుంచి 13 ఏళ్ల వయసులో ఏ పనికి సమాజంలో ఎంత విలువ ఉందన్నదానిని బట్టి ఈ కొట్టివేత జరుగుతుంది. ప్రపంచవ్యాప్తంగా నర్సులలో సుమారు 90 శాతం మహిళలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నివేదిక చెబుతోంది. అంటే, ఇంటర్ చదివే పిల్లల దగ్గరకు వెళ్లి నర్సింగ్ గురించి చెప్పేసరికి, ముఖ్యంగా మగపిల్లల విషయంలో, ఆ తలుపు మూసుకుని ఏళ్లు గడిచి ఉండవచ్చు.

ఎవరితో, ఏ అనుమతులతో

అనంతపురం పట్టణ శివారులోని ఒక ప్రభుత్వ పాఠశాల, రాయదుర్గం వైపున్న ఒక పల్లె బడి, వీటికి తోడు ఒక పిల్లల వార్డులో కోలుకుంటున్న కొందరు పిల్లలు ఇందులో పాల్గొన్నారు. బడులలో 3వ తరగతి నుంచి 8వ తరగతి వరకు తీసుకున్నాం. భారత వైద్య పరిశోధన మండలి 2017 నైతిక మార్గదర్శకాల ప్రకారం తల్లిదండ్రుల అనుమతి ఎలాగూ తప్పనిసరి. దానితోపాటు 7 నుంచి 12 ఏళ్ల పిల్లల నుంచి నోటిమాటగా, అంతకు పై వయసు పిల్లల నుంచి రాతపూర్వకంగా సమ్మతి తీసుకోవాలి.

కాగితం మీద తేలికగా కనిపించే ఈ నియమం మా జిల్లాలో అంత తేలిక కాదు. పల్లె బడిలో చాలామంది పిల్లల తల్లిదండ్రులు బెంగళూరులో కూలిపనికి పోయి ఉన్నారు, ఇంట్లో ఉండేది అవ్వో జేజో. అవ్వ వేలిముద్రతో సరిపెట్టవచ్చునని కొందరు సలహా ఇచ్చారు గానీ, మేము పండుగకు తల్లిదండ్రులు ఊరికి వచ్చేదాకా ఆగాం. ఆలస్యమైనా ఒక లాభం కలిగింది: సంతకం పెట్టడానికి వచ్చిన తల్లులు ఇంట్లో నర్సు పేరు ఏ సందర్భంలో వినబడుతుందో వాళ్లంతట వాళ్లే చెప్పారు. అన్నం తినకపోయినా, నిద్రపోకపోయినా, ఎండలో తిరిగినా ‘నర్సమ్మను పిలిచి సూది ఏపిస్తా’ అనే మాట దాదాపు ప్రతి ఇంట్లోనూ ఉంది.

పెద్దల ప్రశ్నావళి పిల్లల చేతిలో

కొత్త సాధనం తయారు చేయడానికి ముందు, నర్సింగ్ కళాశాలల్లో ప్రాజెక్టుల కోసం చేతులు మారుతూ తిరిగే ఒక ప్రశ్నావళి తెలుగు ప్రతిని, అది పిల్లల దగ్గర ఎక్కడ తెగుతుందో చూడాలనే ఉద్దేశంతోనే, యథాతథంగా ఇచ్చాం. రెన్సిస్ లికర్ట్ 1932లో ప్రవేశపెట్టిన పద్ధతిలో ‘పూర్తిగా అంగీకరిస్తున్నాను’ నుంచి ‘పూర్తిగా విభేదిస్తున్నాను’ వరకు 5 గడులు, ఎడమవైపు వాక్యాలు. పెద్దలకు ఇది అలవాటైన కాగితమే.

పిల్లలకు మాత్రం అది పరీక్ష పేపరు. కాగితాలు పంచగానే ‘దీనికి మార్కులుంటాయా మేడమ్?’ అని ఒకరు అడిగారు, ఆ వెంటనే తరగతి అంతా మోచేతులు అడ్డం పెట్టుకుని రాయడం మొదలుపెట్టింది. 5వ తరగతి అమ్మాయి ఒకతె ప్రశ్నలు చదవకముందే స్కేలు పెట్టి మార్జిను గీసి, పేరు రాయవద్దని చెప్పినందుకు పేరు వదిలేసి, రోల్ నంబరు మాత్రం నీటుగా వేసింది. పేపరు పూర్తయ్యాక ‘ఏది రైటు?’ అని పక్కవాళ్లతో సరిచూసుకున్నారు. టీచరు, అతిథిగా వచ్చిన నర్సు ఇద్దరూ ఎదుట నిలబడి ఉండగా ‘నర్సులు దయగలవారు’ అన్న వాక్యానికి కాదని టిక్కు పెట్టే బిడ్డ మన బడుల్లో అరుదు.

చిన్న తరగతుల పేపర్లలో టిక్కులు పైనుంచి కిందికి ఒకే గడిలో వరుసగా దిగాయి. ‘నర్సులు తెలివైనవారు’ అన్నదానికి అవునన్న బిడ్డే ‘నర్సులకు సొంతంగా ఆలోచించే అవసరం ఉండదు’ అన్నదానికీ అవునంది. వ్యతిరేకార్థంలో రాసిన వాక్యాన్ని ఒప్పుకోకపోవడం ద్వారా సదభిప్రాయం తెలపడం 3వ, 4వ తరగతుల పిల్లలకు కష్టమైన మెలిక. ఆ వాక్యాలను తీసేసి అన్నీ అనుకూలార్థంలోనే రాస్తే ఇంకో ప్రమాదం ఉంది. లీ క్రాన్‌బాక్ 1951లో ఇచ్చిన ఆల్ఫా గుణకం ప్రశ్నలన్నీ ఎంత కలిసికట్టుగా కదులుతున్నాయో చెబుతుంది. అన్నింటికీ అవునని చెప్పే అలవాటున్న పిల్లలు ఎక్కువగా ఉంటే, ఆ అలవాటే ఆల్ఫాను పైకి లేపుతుంది. ప్రాజెక్టు రిపోర్టులో అందంగా కనిపించే ఆ అంకె నర్సుల గురించి ఏమీ చెప్పకపోవచ్చు. మన కళాశాలల్లో ఆల్ఫా బాగా వచ్చిందంటే చాలు, వైవాలో (మౌఖిక పరీక్షలో) ఇక ఎవరూ ఏమీ అడగరు. ఇది నాకు ఎప్పటి నుంచో ఉన్న అసంతృప్తి.

నిపుణుల ఆమోదం విషయంలోనూ ఇదే ఇబ్బంది. ఒక ప్రశ్న సందర్భోచితమని ఎందరు నిపుణులు ఒప్పుకున్నారో లెక్కగట్టే విషయ ప్రామాణికత సూచీలో, 6 లేదా అంతకు మించి నిపుణులుంటే 0.78 దాటడం సాధారణంగా అడిగే హద్దు. ఆ హద్దు దాటిన ప్రశ్న పిల్లలకు అర్థమవుతుందని దాని భావం కాదు. అందుకే ప్రతి వాక్యాన్ని చదివి వినిపించి, దానిని తమ మాటల్లో చెప్పమని పిల్లలను ఒక్కొక్కరిగా అడిగాం. ‘నర్సులు గౌరవించదగినవారు’ అన్న వాక్యం దగ్గర ఒక అబ్బాయి, ‘అంటే వాళ్లొస్తే లేసి నిలబడల్ల’ అన్నాడు. లేచి నిలబడతాడు కాబట్టి అవునని టిక్కు పెట్టాడు. వృత్తికి ఉన్న విలువను కొలిచామని మేమనుకునే చోట వాడు క్లాసు క్రమశిక్షణకు జవాబిచ్చాడు.

ఆ పిల్లల కళ్లలో నర్సు ఎవరు

అభిప్రాయం అడగడానికి ముందు, ఆ అభిప్రాయం ఎవరి మీదనో తెలియాలి. పల్లెలో ఉన్న బిడ్డ చుట్టూ ఆరోగ్యం పేరుతో తిరిగేవారు చాలామంది: సచివాలయం ఏఎన్ఎం (ఊళ్లో టీకాలు వేసే నర్సు), ఆశా (ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్త), విలేజ్ క్లినిక్‌లో కూర్చునే ఎంఎల్‌హెచ్‌పీ (మధ్యస్థాయి ఆరోగ్య సిబ్బంది), 108 అంబులెన్సులో వచ్చేవారు, ఆర్‌ఎంపీ దగ్గర సూది వేసే సహాయకుడు. బడికి వారానికోసారి ఐరన్ మాత్రలు వస్తాయి, 5వ తరగతి వరకు గులాబీ రంగువి, పై తరగతుల వారికి నీలం రంగువి. చాలాచోట్ల ఇచ్చేది టీచరే అయినా, కొందరు చిన్నపిల్లల లెక్కలో మాత్రలిచ్చేవారు కూడా నర్సులే.

మొదట బొమ్మ గీయమన్నాం. పిల్లల బొమ్మల ద్వారా వృత్తి మీద ఉన్న మూస అభిప్రాయాన్ని పట్టుకోవచ్చునని అందరికీ తెలియజెప్పింది డేవిడ్ వేడ్ చాంబర్స్ 1983లో ప్రచురించిన శాస్త్రవేత్త బొమ్మ పరీక్ష. అందులో 4,807 మంది పిల్లలు గీసిన బొమ్మలలో మహిళా శాస్త్రవేత్తలు 28 మంది మాత్రమే, ఆ 28 బొమ్మలూ గీసింది అమ్మాయిలే. నర్సు విషయంలో ఆ వరుస తిరగబడుతుందని ఎవరైనా ఊహించగలరు, మా దగ్గర కూడా అలాగే వచ్చింది. ఊహించనిది దుస్తుల దగ్గర కనబడింది. ఈ పిల్లలు నిజంగా చూసే ఏఎన్ఎం చీర మీద ఏప్రాన్ వేసుకుని, భుజాన సంచితో, చేతిలో వ్యాక్సిన్ పెట్టెతో వస్తుంది. బొమ్మల్లో మాత్రం తెల్ల గౌను, తల మీద టోపీ, టోపీ మీద ఎర్ర ప్లస్ గుర్తు. (ఆ ఎర్ర శిలువ 1960 జెనీవా ఒప్పందాల చట్టం కింద మన దేశంలో రక్షిత చిహ్నం, ఆసుపత్రులు సైతం ఇష్టానుసారం వాడకూడదు, బడి గోడల మీద రంగులు వేసేవారికి ఈ సంగతి చెప్పినవారు ఉన్నట్టు లేదు.) ఎన్నడూ చూడని నర్సును గీసి, రోజూ చూసే నర్సును వదిలేశారంటే, బొమ్మలోకి దిగింది అనుభవం కాదు, చార్టులోని బొమ్మ అనుకోవాలి.

అందువల్ల బొమ్మను ఒంటరిగా లెక్కించడం మానుకుని, గీసిన తరువాత ఆ బొమ్మ గురించి బిడ్డ చేత చెప్పించే పద్ధతి పెట్టాం. ఇది ఎంత తేడా తెస్తుందో 4వ తరగతి అమ్మాయి బొమ్మ ఒకటి చూపించింది. కాగితం మధ్యలో ఒక ఆడమనిషి, నిలువునా మూడు గుండీలు, కుడిచేతిలో మనిషి మోచేయంత సూది, ఎడమచేయి మాత్రం మిగతా శరీరానికి పొంతన లేనంత పెద్దది, వేళ్లు విప్పి ముందుకు చాచి ఉంది. రోగి లేడు. మా విద్యార్థిని పక్కన కూర్చుని అడిగింది.

‘ఈమె ఎవరమ్మా?’

‘నర్సు మేడమ్. సూది ఏస్తాంది.’

‘ఎవరికి?’

‘మా తమ్మునికి.’

‘మరి తమ్ముడు ఏడీ?’

‘వాడు మంచం కింద దాంకున్నాడు. అందుకే కనపడల్యా.’

‘ఈ పెద్ద చెయ్యి దేనికి?’

‘అది సూదికి కాదు. దా నాయనా, ఏం కాదు అని వాన్ని పిలుస్తాంది.’

బొమ్మలో ఏముందో గుర్తులుగా నమోదు చేసే కోడింగ్ పత్రం ప్రకారం ఈ బొమ్మకు ‘రోగి లేడు’, ‘అతిపెద్ద సూది’, ‘అతిపెద్ద చేయి’ అని మూడు ప్రతికూల గుర్తులు పడతాయి. ఇద్దరు విద్యార్థులు విడివిడిగా కోడ్ చేశారు, ఇద్దరూ అవే గుర్తులు వేశారు. జేకబ్ కోహెన్ 1960లో ఇచ్చిన కప్పా గుణకం ఇలాంటి చోట ఇద్దరి ఏకాభిప్రాయాన్ని మెచ్చుకుంటుంది. ఇద్దరూ కలిసి తప్పుగా చదివారని చెప్పదు. ఆసుపత్రిలో చేరిన పిల్లల ఆందోళనను బొమ్మ ద్వారా అంచనా వేసే ఒక పద్ధతిని క్లాట్‌వర్దీ, ఆమె సహచరులు 1999లో ప్రచురించారు. ఆ పని వరకు అది ఉపయోగకరమే, కానీ దానిని వృత్తి మీది అభిప్రాయానికి కొలతగా వాడే ప్రాజెక్టులు చూశాను, అది సరికాదు. పైగా సూదిని గీయడం ఏ బిడ్డకైనా వస్తుంది. ఓదార్చడాన్ని, రాత్రంతా డ్రిప్పు చూస్తూ కూర్చోవడాన్ని గీయడం మంచి చిత్రకారుడికి కూడా కష్టం. బొమ్మలో లేనిది బిడ్డ మనసులో లేదని అనుకోవడానికి వీల్లేదు.

రెండవ పనిముట్టు ఫోటో కార్డులు. ఏఎన్ఎం, ఆశా, వార్డులో స్టాఫ్ నర్సు, మేల్ నర్సు, లేడీ డాక్టరు, ల్యాబ్ టెక్నీషియన్, ఫార్మసిస్టు, 108 సిబ్బంది, ఇలా ఒక్కొక్కరిని వారి అనుమతితో పనిలో ఉండగా ఫోటో తీసి, ‘నర్సు’, ‘నర్సు కాదు’, ‘తెలియదు’ అనే మూడు డబ్బాలలో వేయమన్నాం. స్టెతస్కోపు వేసుకున్న లేడీ డాక్టరు చిన్న తరగతుల్లో తరచుగా నర్సు డబ్బాలో పడింది. మేల్ నర్సు అన్ని తరగతుల్లోనూ ఎక్కువగా డాక్టరని బయటికి పోయాడు. ఆశా ఎక్కడ పడిందన్నది పూర్తిగా ఊరిని బట్టి, అంటే ఆమె ఆ ఊరి ఇళ్లకు ఎంతగా తిరుగుతుందన్నదానిని బట్టి ఉంది. ఈ ఒక్క ఆట తరువాత, అంతకుముందు పెద్దల ప్రశ్నావళికి వచ్చిన జవాబులు ఎవరి గురించి ఇచ్చినవో మాకు తెలియదని స్పష్టమైంది.

మూడు విడి కొలతలు

పై పరిశీలనల మీద సాధనాన్ని మూడు భాగాలుగా విడదీశాం.

మొదటి భాగం భయం. పిల్లలకు ముఖాల స్కేళ్లు వాడడం వార్డులో అలవాటే గానీ, ఏ స్కేలు దేనికన్నది మరిచిపోతుంటాం. 6 ముఖాల వాంగ్-బేకర్ స్కేలు 3 ఏళ్లు దాటిన పిల్లలలో నొప్పి కోసం తయారైనది. మొదటి ముఖం నవ్వుతుంది, చివరిది ఏడుస్తుంది. దాన్ని చూపించి ‘నర్సంటే ఎంత ఇష్టం?’ అని అడిగితే బిడ్డ నవ్వు ముఖం బాగుందని దాన్నే చూపిస్తుంది. భయానికి విడిగా 5 ముఖాల స్కేలును మెక్‌మర్ట్రీ, సహచరులు 2011లో ప్రచురించారు, వార్డులో దాన్నే వాడాం. బడిలో, అసలు ముఖాలు చదవవలసిన పనే లేకుండా, 4 స్టీలు గ్లాసులు వరుసగా పెట్టాం: ఖాళీది, కొంచెం నీళ్లున్నది, సగం, నిండుది. ‘భయం ఎంత?’ అని అడిగి గ్లాసు ముట్టుకోమన్నాం. 3వ తరగతి పిల్లలు కూడా దీనికి మళ్లీ వివరణ అడగలేదు. అయితే సూదిని ఒక ప్రశ్నగా, నర్సును ఇంకో ప్రశ్నగా, ఆసుపత్రిని మరో ప్రశ్నగా విడివిడిగా అడగడం ఇక్కడ ప్రాణం. ఒకే ప్రశ్నగా అడిగితే మొత్తం సూదే మింగేస్తుంది.

రెండవ భాగం నర్సు చేసే పని. పనుల కార్డులు ఇచ్చి, ఇది డాక్టరు చేస్తారా, నర్సు చేస్తారా, ఇద్దరూనా, ఎవరూ కాదా అని పెట్టించాం. ఇది జ్ఞానానికి సంబంధించినది, అభిప్రాయం కాదు. ఈ రెండింటినీ కలిపి ‘వైఖరి’ అనే ఒకే పేరుతో మార్కులు వేయడం మన ప్రాజెక్టులలో సర్వసాధారణం. నర్సు కావాలంటే ఎంత చదవాలన్నది కూడా ఇక్కడే పెట్టాం. పెద్ద తరగతుల వారు కూడా టెన్త్ చాలనుకున్నారు. బీఎస్సీ నర్సింగ్ 4 ఏళ్లు, జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) 3 ఏళ్లు, ఏఎన్ఎం 2 ఏళ్లు అని చెబితే ఆశ్చర్యపోయారు. ఏది తెలియదో తెలుసుకోవడానికి ఈ భాగం పనికివస్తుంది, తెలియనందుకు బిడ్డ వైఖరి తక్కువని రాయడానికి కాదు.

మూడవ భాగం వృత్తి. ఇక్కడ సుసాన్ హార్టర్ 1982లో పిల్లల ఆత్మభావన కొలతకు వాడిన ప్రశ్నా రూపాన్ని తీసుకున్నాం. ‘కొంతమంది పిల్లలు పెద్దయ్యాక నర్సు కావాలనుకుంటారు, ఇంకొంతమంది అనుకోరు, నువ్వు ఎవరి లాంటి వాడివి?’ అని అడిగి, ఆ తరువాత ‘కొంచెమా, చాలానా?’ అని అడగడం దాని పద్ధతి. రెండు రకాల పిల్లలూ ఎక్కడో ఉన్నారని ముందే చెప్పడంతో, కాదనడం తప్పన్న భయం తగ్గుతుంది. పెద్దల ప్రశ్నావళిలో నర్సుల గురించి ఒక్క మాట కూడా తక్కువ చేసి చెప్పని పిల్లలు ఇక్కడ నోరు విప్పారు. దీనికి ప్రతి చోటా జంట ప్రశ్న కూడా పెట్టాం: ఇది నీ మాటా, మీ ఇంట్లో వాళ్ల మాటా? 8వ తరగతి అమ్మాయి ఒకతె, ‘నాకిష్టమే, మా నాయన రాత్రి డ్యూటీ అంటే ఒప్పుకోడు’ అంది. ఆమె జవాబును ఆమె వైఖరిగా లెక్కిస్తే నాన్నను కొలిచినట్టవుతుంది.

అడిగే మనిషి విషయంలో ఒక నియమం కచ్చితంగా పాటించాం: అడిగే విద్యార్థి యూనిఫామ్‌లో ఉండకూడదు, టీచరు గదిలో ఉండకూడదు, ప్రశ్నలు చదివి వినిపించాలి. ఇంట్లో కన్నడం మాట్లాడే పిల్లలు రాయదుర్గం వైపు గణనీయంగా ఉన్నారు, వాళ్లు తెలుగు చదవగలిగినా భయం గురించి మాట్లాడేటప్పుడు కన్నడంలోకి జారుకుంటారు. అలాంటి చోట కన్నడం వచ్చిన విద్యార్థినే కూర్చోబెట్టాం.

ఇద్దరు పిల్లలు

ఈ మూడు కొలతలను కలిపి ఒక మొత్తం చేయకూడదన్న నిర్ణయానికి కారణం ఇద్దరు పిల్లలు.

ఒకరు పల్లె బడిలో 6వ తరగతి అమ్మాయి. సూదికి నిండు గ్లాసు ముట్టుకుంది, నర్సుకు సగం గ్లాసు. పనుల కార్డులలో సగానికి సగం డాక్టరుకే ఇచ్చేసింది. కానీ మూడవ భాగంలో తాను నర్సు కావాలనుకునే పిల్లల లాంటిదాన్నని, అదీ చాలా అని చెప్పింది. ఇంత భయపడుతూ ఎలా అవుతావని అడిగితే, ‘నాకు ఏస్తే భయం గానీ, ఏరేవాళ్లకు నేనేస్తే నాకేం భయం?’ అంది.

రెండవవాడు డెంగీతో వార్డులో ఉండి కోలుకుంటున్న 8వ తరగతి అబ్బాయి. సూదికీ, నర్సుకూ ఖాళీ గ్లాసే, ఆసుపత్రికి కొంచెం. బడిలో వాడిన గ్లాసులనే వార్డుకూ తెచ్చి, ముఖాల స్కేలుతో పాటు చూపించాం. రెండూ ఒకే మాట చెప్పాయి. పనుల విషయంలో మా మొదటి సంవత్సరం విద్యార్థులతో సమానంగా చెప్పాడు: డ్రిప్పు చుక్కలు లెక్కపెట్టడం, ఎన్ని నీళ్లు తాగాడో ఎంత మూత్రం పోశాడో రాసుకోవడం, ప్లేట్‌లెట్ల రిపోర్టు రాగానే డాక్టరుకు ఫోన్ చేయడం. నర్సు ఉద్యోగం మాత్రం ‘అది ఆడోళ్లది కదా మేడమ్’ అన్నాడు. రాత్రుళ్లు తనను చూసుకున్నది ఎవరని అడిగితే బ్రదర్ అన్నాడు, అంటే వార్డులోని మేల్ నర్సు. బ్రదర్ ఏం చేస్తాడని అడిగితే పైన చెప్పిన పనులే మళ్లీ వరుసగా చెప్పాడు. ఆ బ్రదర్ కార్డును తీసుకెళ్లి డాక్టరు పక్కన పెట్టాడు.

మూడు భాగాలకూ సమాన విలువ ఇచ్చి కూడితే ఈ ఇద్దరికీ దగ్గర దగ్గర మార్కులు వస్తాయి, ఇద్దరూ ‘మధ్యస్థ వైఖరి’ అనే గడిలో పక్కపక్కన కూర్చుంటారు. అమ్మాయికి కావలసింది సూది భయం తగ్గించే పని. అబ్బాయికి కావలసింది బ్రదర్ కూడా నర్సేనన్న ఒక్క ముక్క. ఆ ఒక్క మొత్తం అంకె చూసి ఈ రెండింటిలో ఏదీ ఎవరూ చేయలేరు. అందుకే ఇప్పుడు మేము ప్రతి బిడ్డకూ మూడు అంకెలు విడిగా రాస్తున్నాం, తరగతికి సగటు చెప్పవలసి వస్తే మూడు సగటులు చెబుతున్నాం.

ఎప్పుడు కొలవాలి

సాధనం నిలకడ చూడడానికి అదే పిల్లలకు రెండు వారాల తరువాత మళ్లీ ఇవ్వడం పరిపాటి. బడిపిల్లల విషయంలో ఆ రెండు వారాల్లో ఏం జరిగిందన్నది ముఖ్యం. జాతీయ టీకా షెడ్యూలు ప్రకారం 10 ఏళ్లకు, 16 ఏళ్లకు టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా) టీకా ఉంది, బడుల్లో 5వ, 10వ తరగతుల పిల్లలకు వేస్తారు. మొదటి కొలతకూ రెండవ కొలతకూ మధ్య 5వ తరగతికి టీడీ పడితే భయం గ్లాసు మారుతుంది. అది సాధనం లోపం కాదు, నిజంగా వచ్చిన మార్పు. అందుకని ఏఎన్ఎంను అడిగి టీకా తేదీ తెలుసుకున్న తరువాతే కొలత తేదీ పెట్టుకోవాలి. టీకా రోజున బడిలో కొలవడం ఇంకా పెద్ద పొరపాటు: సూదికి అందరికంటే ఎక్కువ భయపడే పిల్లలు ఆ రోజు కడుపునొప్పి అని ఇంట్లోనే ఉండిపోతారు, బడికి వచ్చిన ధైర్యవంతుల గ్లాసులే లెక్కలోకి వస్తాయి. హాజరు పట్టీ పక్కన పెట్టుకోకుండా ఇలాంటి కొలతలు చేయకూడదు.

విద్యార్థుల సందర్శన తరువాత

ఈ సాధనాన్ని మా విద్యార్థుల పాఠశాల సందర్శనకు ముందూ తరువాతా వాడాం. ఉపన్యాసం, చార్టులు, ప్రశ్నోత్తరాలు అయ్యాక పనుల కార్డుల భాగం బాగా కదిలింది; బీపీ, ఉష్ణోగ్రత, మందు వేళలు, ప్రసవం తరువాత బిడ్డ సంరక్షణ నర్సు వైపు వచ్చాయి. భయం గ్లాసులు కదలలేదు. వృత్తి భాగం అమ్మాయిలలో కొంచెం కదిలింది, అబ్బాయిలలో, మేల్ నర్సింగ్ విద్యార్థి వెళ్లిన తరగతిలో తప్ప, కదలలేదు. ఆ తరగతిలో కూడా మార్పు ఆ విద్యార్థి మీది ఇష్టమా, వృత్తి మీది అభిప్రాయమా అన్నది నెలల తరువాత మళ్లీ చూస్తే గానీ చెప్పలేను. ఇంట్లో సూది పేరుతో బెదిరిస్తామని తల్లులు చెప్పిన పిల్లల గ్లాసులు ఎక్కువగా నిండువైపే ఉన్నాయి గానీ, అలా బెదిరించని ఇళ్లు పోల్చడానికి సరిపోయినన్ని దొరకలేదు కాబట్టి బెదిరింపే కారణమని రాయడం లేదు.

‘సదభిప్రాయం పెరిగింది’ అన్న పేరా స్థానంలో ఇప్పుడు నివేదికలో మూడు వరుసల పట్టిక ఉంటుంది. వార్డులో కూడా ఒక మార్పు చేశాం: కొత్తగా చేరిన బిడ్డ దగ్గరకు నర్సు మొదటిసారి ట్రే లేకుండా వెళ్లి, పేరు చెప్పి, బిడ్డ పేరు అడిగి వస్తుంది, ప్రొసీజరు రెండవసారి వెళ్లినప్పుడే. రద్దీ రోజుల్లో ఇది కుదరడం లేదు, కుదిరిన రోజుల్లో నర్సుకూ సూదికీ గ్లాసులు వేరువేరుగా వస్తున్నాయి.

1వ, 2వ తరగతుల పిల్లలకు ఈ సాధనం పనిచేయదు. ‘కొంతమంది పిల్లలు, ఇంకొంతమంది పిల్లలు’ అనే ప్రశ్న వాళ్లకు కథలా వినబడి, తరువాత ఏమైందని అడుగుతారు. వాళ్లకు బొమ్మ, గ్లాసులు మాత్రమే సరిపోతాయి. కన్నడ మాధ్యమం బడుల కోసం కన్నడ ప్రతి తయారవుతోంది. వేరే కళాశాలలవారు అడిగినప్పుడు ప్రశ్నలు, స్కోరు పత్రం ఇస్తున్నాం గానీ ఫోటో కార్డులు ఇవ్వడం లేదు. ఒక మండలంలో ఏఎన్ఎం ఎవరో ఇంకో మండలం పిల్లలకు తెలియదు, వేషధారణ కూడా మారుతుంది. ఎవరి కార్డులు వారే, ఫోటోలోని మనిషి సంతకంతో అనుమతి తీసుకుని, తయారు చేసుకోవాలి.